ఐదువేల వోల్టుల భరోసా

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ అలవాటుంది. డాక్యుమెంట్ మొదటి పేజీలో పెద్ద అంకె కనిపిస్తే చాలు, కింది సన్నక్షరాల జోలికి పోం. సర్వర్ పడిపోతే మహా అయితే అర్ధరాత్రి ఫోనొస్తుంది. కరెంటు దగ్గర ఈ లెక్క కుదరదు.

మా స్నేహితుడొకడు ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే సర్క్యూట్ కట్టాడు. ఒకవైపు 230 వోల్టులు. ఇంకోవైపు సెన్సర్ తీగలు, అవి ఉండేది నీళ్ళలో. మధ్యలో ఓ ఆప్టోకప్లర్, పీసీ817. "ఐసొలేషన్ 5000 వోల్టులని రాశాడు గురూ, 230కి భయమేంటి?" అన్నాడు.

ఆ 5000 పక్కనే ఇంకో ముక్క ఉంటుంది: ఒక్క నిమిషం. యూఎల్ 1577 పరీక్ష అదే. బస్తాని ఒకసారి ఎత్తగలిగినవాడు దాన్ని రోజంతా మోయగలడని కాదుగా! ఏళ్ళ తరబడి ఎంత మోస్తుందో ఐఈసీ 60747-5-5 కింద, వీఐఓఆర్ఎం అని వేరే ఉంటుంది. 5000 అని రాసున్న నాలుగు కాళ్ళ చిప్పుల్లో చాలావాటికి అది 1000 పీక్ వోల్టుల లోపే. 230 అంటే పీక్ 325, కాబట్టి ఇక్కడ సరిపోతుంది. కాకపోతే ఆ సర్టిఫికెట్ ఉన్న రకాన్ని చాలాసార్లు విడిగా అడిగి కొనాలి.

ఇంకేం, సరిపోయిందిగా అంటారా? ఆ అంకె చిప్పుది, బోర్డుది కాదు. మావాడి బోర్డులో రాగి గీత ఒకటి చిప్పు కింద నుంచే పోయింది. రెండు వైపులకీ మధ్య మిగిలింది ఒక్క మిల్లీమీటరు. మనిషి తాకే వైపుని మెయిన్స్ నుంచి విడదీయాలంటే రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ కావాలి. ఐఈసీ 62368-1 ప్రకారం 250 వోల్టులకి మామూలు బోర్డు ఉపరితలం వెంబడి 5 మిల్లీమీటర్లు, తేమా దుమ్మూ ఉండేచోట 8. మోటారు పక్కన పెట్టే డబ్బాలో తేమ ఉండదని ఎవరు చెప్పగలరు?

"ఇంత చిన్నదానికి అంత గొడవా?" అన్నాడు. ఆ ట్యాంకు నీళ్ళే మీ అమ్మగారు పట్టుకునే కుళాయిలో వస్తాయిరా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. గీతని పక్కకి జరిపి, చిప్పు కింద బోర్డుకి గాడి కోయించాడు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాడు.

రేటింగ్ అబద్ధం చెప్పదు. ఏ పరీక్షలో, ఎంతసేపు, దేనికి వచ్చిన మార్కో మనమే అడగాలి. మీరూ ఇంట్లో ఇలాంటివి కట్టుంటే, ఈ ఆదివారం మెయిన్ ఆపి, స్కేలు పెట్టి ఆ దూరం ఓసారి కొలవండి.