తవ్వే ముందు

ఒకప్పుడు ఇల్లు కట్టాలనుకున్నవారు నేలలో రాయి ఉందా, నీరు ఉందా అని చూసేవారు. నేటి నగరాల్లో అది చాలదు. రోడ్డు కింద మంచినీటి గొట్టం, మురుగునీటి గొట్టం, కరెంటు కేబుల్, గ్యాస్ గొట్టం, టెలిఫోన్ తీగలు పక్కపక్కనే ఉంటాయి. పైనుంచి చూస్తే ఏదీ కనిపించదు. ముందుగా తెలుసుకోకుండా తవ్వితే మొదట ప్రమాదంలో పడేది గడ్డపార పట్టిన మనిషే.

ఈ విషయం గురించి నేను ఆలోచించడం సూరత్‌లో మొదలయింది. గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరానికి తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు వలస వెళ్ళాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతూ వచ్చింది. సార్వత్రిక విద్య అభ్యాసకులను కలుసుకోవడానికి నేను వెళ్ళిన రోజున లింబాయత్ ప్రాంతంలో ఒక వీధిని తవ్వుతున్నారు. ఒక పెద్దాయన గుంటలో గొంతుక్కూర్చుని, పారతో మెల్లగా మన్ను తీస్తున్నాడు. తెలుగు మాట వినిపించి ఆగాను.

“యంత్రం పక్కనే ఉంది కదా, ఎందుకీ కష్టం?” అని అడిగాను.

“ఇటుకల వరుస తగిలింది సారూ. ఇటుకల కింద ఇసుక, ఇసుకల కరెంటు కేబుల్ ఉంటది. యంత్రం పెడితే మనిషి దక్కడు” అన్నాడు.

ఆయన బడికి వెళ్ళలేదట. కాని ఇటుకల వరుసకు అర్థం ఆయనకు తెలుసు. ఆ అర్థం తెలియని కుర్రవాడు అదే గుంటలో దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

భూమి కింద ఏముందో కనుక్కోవడానికి ఒక క్రమం ఉంది. మొదట నీరు, విద్యుత్తు, గ్యాస్, టెలిఫోన్ శాఖల దగ్గర ఉన్న పటాలు చూడాలి. పాత పటంలో గొట్టం ఒక చోట, నేలలో మరో చోట ఉండవచ్చు. కాబట్టి రెండోది, ఆ స్థలమంతా నడిచి చూడాలి. మ్యాన్‌హోల్ మూతలు, వాల్వు గుంటలు, హెచ్చరిక రాళ్ళు దారి చెబుతాయి. మూడోది, పరికరాలతో వెతకాలి. కేబుల్ లొకేటర్ కరెంటు తీగలను, లోహపు గొట్టాలను పసిగడుతుంది. ప్లాస్టిక్ గ్యాస్ గొట్టం దానికి దొరకదు. అందుకు నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్ వాడతారు. తడి బంకమట్టిలో ఆ తరంగాలు లోతుకు పోవు. అందుకే చివరకు చేతితో చిన్న గుంట తీసి, కంటితో చూసి నిర్ధారించుకోవాలి.

దెబ్బ తగిలిన గొట్టం వెంటనే పగలకపోవచ్చు. బెల్జియంలోని గిలాంఘియాన్ పారిశ్రామికవాడలో నిర్మాణ పనుల్లో యంత్రం తగిలి గ్యాస్ గొట్టం దెబ్బతింది. తర్వాత 2004 జూలై 30న అది పేలి 24 మంది మరణించారు. కనుక గొట్టానికి చిన్న గీత పడినా దాచకూడదు.

మన దేశంలో 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే మొబైల్ యాప్‌ను ప్రారంభించారు. తవ్వబోయే సంస్థ స్థలం వివరాలు ఇస్తే, అక్కడ గొట్టాలు, కేబుళ్ళు ఉన్న సంస్థలకు సమాచారం అందుతుంది. అజాగ్రత్తగా తవ్వడం వల్ల ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని ప్రభుత్వం అప్పుడు తెలిపింది. పోయిన ప్రాణాలకు మాత్రం అలా లెక్క కట్టలేం.

అయితే యాప్ ఉండేది కంట్రాక్టరు ఫోనులో, గడ్డపార ఉండేది కూలీ చేతిలో. అందుకే మీరు గానీ, మీ ఇంటివారు గానీ ఇలాంటి పనికి వెళితే, గుంటలో దిగే ముందు “కింద ఏమున్నాయి? ఎవరు చూశారు?” అని మేస్త్రిని అడగండి. అలా అడగడం పిరికితనం కాదు, ఎదురు చెప్పడమూ కాదు. అది పనివాని హక్కు. గ్యాస్ వాసన వస్తే యంత్రం ఆపి, బీడీ గానీ అగ్గిపుల్ల గానీ వెలిగించకుండా దూరంగా వెళ్ళి, అందరికీ చెప్పండి.

ఆలోచించి రాయండి

1. ఇటుకల వరుస కనిపించగానే పెద్దాయన యంత్రాన్ని ఎందుకు వాడనివ్వలేదు?
2. పటం ఉన్నా చేతితో గుంట తీసి ఎందుకు చూడాలి?
3. మీ వీధిలో భూమి కింద ఏమేమి ఉన్నాయో తెలిపే గుర్తులను చూసి, ఒక చిన్న పటం గీయండి.