మా మామ జీపు, పెద్ద టైర్లు

మా కోయ గూడెం చండ్రుగొండ మండలంలో అడవి అంచున ఉంటుంది. తారు రోడ్డు దిగాక ఎర్రమట్టి బాట, ఆ బాటకు అడ్డంగా రెండు వాగులు. వానాకాలంలో ఆ దారిన తిరిగింది ఒక్క మా మేనమామ జీపే. పత్తి అమ్మిన డబ్బుకు కొంత అప్పు కలిపి ఆ పాత జీపు కొన్నాడు. సంతకు పోయే మనుషులు, మిరపకాయ బస్తాలు, తునికాకు కట్టలు, జ్వరం వచ్చిన వాళ్ళు, అందరికీ అన్నిటికీ అదే దిక్కు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. సెలవుల్లో జీపు క్లీనర్‌ని.

మొదటి వానలకే జీపు బురదలో దిగబడింది. వెనక హౌసింగు మట్టికి ఆనుకుని కదల్లేదు. మామ రెండు రోజులు ఆలోచించి అన్నాడు: "ఎడ్లబండి చక్రం ఎంత పెద్దగుంటదిరా అల్లుడా! అందుకే గదా రాయి ఎక్కుద్ది, గుంత దాటుద్ది. దీనికేమో చిన్న చక్రాలు పెట్టిండ్రు."

కొత్తగూడెం పోయి 6.00-16 టైర్లు తీసేయించి 7.50-16 టైర్లు వేయించాడు. జీపు ఎత్తుగా, ఠీవిగా కనిపించింది. గూడెంలో పిల్లలంతా వెనక పరుగెత్తారు. ఆ ఏడు బురద బాగానే దాటాం. మామ మాట నిజమేననుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. బస్తాలతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ కాలిన వాసన. మొదటి గేరులో కూడా ఇంజను వణికేది. క్లచ్ ప్లేటు ఏడాది కూడా ఆగలేదు. జాయింట్ క్రాస్ రెండుసార్లు మార్చాం. గేరు వేసి క్లచ్ వదిలితే కింద "టక్" మని చప్పుడు. మామ దారిని తిట్టాడు, డీజిలును తిట్టాడు, నన్ను కూడా తిట్టాడు. టైర్ల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

రెండో ఏడు శ్రావణంలో ఒక రాత్రి మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మొదటి వాగు దాటాం. రెండో వాగు ఒడ్డు ఎక్కుతుండగా ఒక చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. మామ ఇంజను గట్టిగా రేపాడు. పెద్ద చప్పుడు అయింది. ఇంజను తిరుగుతోంది, జీపు మాత్రం కదలదు. వెనక యాక్సిల్ తెగిపోయింది. మంచానికి తాళ్ళు కట్టి అక్కను తారు రోడ్డు దాకా మోశాం. అక్క, బిడ్డ బతికారు. ఆ రాత్రంతా మామ ఒక్క మాట మాట్లాడలేదు.

కొత్తగూడెంలో మెకానిక్ హౌసింగు విప్పి క్రౌన్ చక్రం నా చేతిలో పెట్టాడు. "పళ్ళు లెక్కపెట్టు తమ్ముడూ" అన్నాడు. క్రౌనుకు 43, దాన్ని తిప్పే పినియనుకు 8. భాగిస్తే సుమారు 5.38. అంటే లోపలి షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గించి బలం పెంచే ఏర్పాటు అది.

తర్వాత టైరు లెక్క చెప్పాడు. 6.00-16 అంటే 16 అంగుళాల రిమ్ము, చుట్టూ సుమారు ఆరేసి అంగుళాల టైరు. మొత్తం 28 అంగుళాలు. ఒక చుట్టుకు 88 అంగుళాలు నడుస్తుంది. 7.50-16 అయితే 31 అంగుళాలు, చుట్టుకు 97 పైనే. పదో వంతుకు పైగా ఎక్కువ. అంటే 5.38 ఉన్న బలాన్ని మామ తెలియకుండానే 4.86కు దించేశాడు. కంపెనీ ఇచ్చిన బలం ఆ మేరకు పోయింది. ఆ లోటు క్లచ్, జాయింటు, యాక్సిల్ మోశాయి. ఇంత చేస్తే హౌసింగు నేల నుంచి లేచింది ఒకటిన్నర అంగుళమే. మీటరు కూడా తప్పు చూపింది. అది 5,000 కిలోమీటర్లు చూపేసరికి జీపు 5,500 తిరిగి ఉండేది. ఆయిల్ మార్చడం అన్నిసార్లూ ఆలస్యమే.

"మరి ఎడ్లబండి?" అని అడిగాడు మామ.

దానికి జవాబు నాకు మా అవ్వ తిరగలిలో దొరికింది. పిడి అంచున ఉంటుంది కాబట్టి తిప్పడం సులువు. నడిమి మేకు పట్టుకుని తిప్పమంటే? రాయి ఎంత పెద్దదైతే అంత కష్టం. ఎడ్లబండిలో ఎద్దులు ఇరుసును లాగుతాయి, నేల మీద చక్రం దానంతటదే దొర్లుతుంది. అక్కడ పెద్ద చక్రం మేలే. జీపులో ఇరుసే నడిమి నుంచి చక్రాన్ని తిప్పాలి. మామ బండి గురించి చెప్పింది తప్పు కాదు. జీపులో బలం ఎటునుంచి వస్తుందో మేము చూడలేదు, అంతే.

ఇంకొకటి కూడా ఉంది. పాత టైరు బురదలో జారేది. ఆ జారుడే మోటారుకు ఫ్యూజు లాగా యాక్సిల్‌ను కాపాడింది. పెద్ద టైరు జారకుండా గట్టిగా పట్టింది. దెబ్బంతా ఇనుము మీద పడింది.

ట్రాక్టరుకు పెద్ద చక్రాలు లేవా అని పిల్లలు అడుగుతారు. ఉన్నాయి. దానికి తగ్గట్టు లోపల పళ్ళు, లావైన ఇరుసు ముందే పెట్టారు. పెద్ద టైరు వేయాలంటే క్రౌన్ పినియన్ కూడా మార్చాలి. ఆ డబ్బు మాకు లేదు. పాత కొలతకే లోతు పళ్ళున్న మట్టి టైర్లు వేశాం. బురదలో కొంచెం గాలి తగ్గించడం, తారు రోడ్డెక్కగానే నింపడం, హౌసింగు ఆయిల్ చూసుకోవడం నేర్చుకున్నాం. అయినా అప్పు తీరలేదు. రెండేళ్ళకు మామ జీపు అమ్మేశాడు.

నేనిప్పుడు బడిలో లెక్కలు చెబుతున్నాను. వ్యాసం, చుట్టుకొలత పాఠం వచ్చిన రోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి సైకిలు పళ్ళు, ఆటో టైరు మీది అంకెలు లెక్కపెట్టిస్తాను. తోటి ఉపాధ్యాయులూ ఇది చేసి చూడండి. 22/7 మా పిల్లలకు కష్టం కాదు. అది వాళ్ళ దారిలోనే ఉందని ఎవరూ చూపించలేదు.

మామకు ఇప్పుడు చూపు తగ్గింది. గూడెంలో కుర్రవాడెవడైనా బండికి పెద్ద టైరు వేయిస్తానంటే మాత్రం అరుగు మీద నుంచే అడుగుతాడు: "లోపల పళ్ళెన్నిరా? లెక్కపెట్టినవా?"