ఎడమ కాలితో అరకు ఎక్కితే

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే కొత్తవలస–కిరండూల్ లైను మీద సొరంగాలు దాటుకుంటూ కిటికీ పక్కన కూర్చుని వెళ్లొచ్చు. ఆ అందం వేరు. అయినా ఈసారి కారులోనే వెళ్దామని మా అక్కతో పట్టుబట్టాను. కొండలు చూడాలన్న ఆశతో పాటు కారు క్లచ్ సంగతి తేల్చుకోవాలన్న పంతం కూడా ఉంది.

మాది ఐదు గేర్ల చిన్న పెట్రోలు కారు. క్లచ్ పనిచేసేది వైరుతో. కొంతకాలంగా పెడల్ బిగిసిపోతూ వచ్చింది. గోపాలపట్నం ట్రాఫిక్‌లో పది అడుగులకోసారి ఆగి కదిలేసరికి తొడ కండరం పట్టేసేది. బరువొక్కటే అయితే ఓర్చుకోవచ్చు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కాలికి తెలియకపోవడం అంతకన్నా పెద్ద చిక్కు. నెమ్మదిగా వదులుదామంటే పెడల్ ఒకచోట ఆగి, గరగరమని, ఒక్కసారిగా పైకి వచ్చేది. కారు ఎగిరి దూకేది.

నగరంలో ఒక వర్క్‌షాపులో చూపిస్తే బానెట్ ఎత్తకుండానే "గేర్‌బాక్స్ దించాలండి, క్లచ్ సెట్ మొత్తం మార్చాలి" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. క్లచ్ ప్లేటు అరిగి జారుతుంటే ఆ లక్షణం వేరుగా ఉంటుంది. పై గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరుగుతుంది గాని వేగం పెరగదు. మా కారులో రెండూ కలిసే పెరుగుతున్నాయి. శృంగవరపుకోటలో మా బావగారికి ఎప్పటినుంచో తెలిసిన మేస్త్రీ ఉన్నాడు. అరకు దారిలోనే కదా, ఆయనకు చూపించి కొండెక్కుదామనుకున్నాం.

పక్క సీట్లో అక్క. మోకాళ్ల నొప్పులని కారు నడపడం మానేసింది. ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా ఒక్కతే నడుపుకుంటూ వెళ్లిన మనిషి. పెందుర్తి దాటాక అంది: "ఏమే, నీ వయసులో నీకే ఇంత కష్టంగా ఉంటే, నేను మానేసి మంచి పనే చేశాను." నేనేమీ అనలేదు గాని ఆ మాట మనసులో నాటుకుపోయింది.

శృంగవరపుకోట మేస్త్రీ షెడ్డు చిన్నదే. ఆయన ముందు కాలితో తొక్కలేదు. కింద కూర్చుని, అరచేత్తో పెడల్‌ని నెమ్మదిగా నొక్కి, అంతే నెమ్మదిగా వదిలాడు. "చేతికి తెలిసినట్టు కాలికి తెలియదమ్మా" అన్నాడు. తర్వాత బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ లివర్‌కి తగిలించి ఉన్న వైరు నట్టు విప్పి, కొస ఊడదీశాడు. "ఇప్పుడు తొక్కండి" అన్నాడు. వైరుకి అవతల ఏమీ లేదు. పెడల్ గాల్లో తేలినట్టు దిగిపోవాలి. అప్పుడూ బిగువుగానే ఉంది, అదే గరగర.

తర్వాత గేర్‌బాక్స్ మీది లివర్‌ని చేత్తో కదిపి, రెంచి తగిలించి లాగి చూశాడు. కాస్త వదులు, ఆ తర్వాత గట్టిగా, కానీ నున్నగా కదిలింది. అంటే లోపల ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫోర్కు సక్రమంగానే ఉన్నాయి. చివరికి పెడల్ వైపు కొస కూడా తీసేశాడు. పెడల్ ఇప్పుడు తేలిగ్గా ఊగింది గాని, పక్కలకి కూడా ఊగింది. ఇరుసు దగ్గర ప్లాస్టిక్ బుష్ అరిగిపోయింది.

"ప్లేటు జబ్బు కాదమ్మా ఇది. వైరు జబ్బు, బుష్ జబ్బు. గేర్‌బాక్స్ ముట్టుకోనక్కర్లేదు."

గేర్‌బాక్స్ దించకుండా, పది నిమిషాల్లో, ఒక్కో భాగాన్ని విడదీసి ఏది ఎంత బరువు మోస్తోందో చూపించాడు ఆ మనిషి. ఈ యాత్రలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. పెడల్ బరువంటే ఒక్కచోటి బరువు కాదు. కాలి కింద నుంచి ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం దాకా ఉన్న ప్రతి కీలూ దానిలో తన వాటా కలుపుతుంది.

ఆ వాటాల్లో న్యాయమైనది ఒక్కటే, ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగుది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఈ ఉక్కు స్ప్రింగే క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమి పట్టుకుంటుంది. మనం పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ దాని వేళ్లను లోపలికి నెడుతుంది, పట్టు వదులుతుంది. దీని గుణం విచిత్రం. మామూలు చుట్టల స్ప్రింగును నొక్కేకొద్దీ బిగువు పెరుగుతూనే పోతుంది. డయాఫ్రం స్ప్రింగు ఒక హద్దు దాకా బిగుసుకుని, ఆ తర్వాత కాస్త మెత్తబడుతుంది. అందుకే మంచి క్లచ్‌లో పెడల్ సగం దిగాక తేలికైనట్టు అనిపిస్తుంది. ప్లేటు బాగా అరిగితే స్ప్రింగు కూర్చునే కోణం మారి తొక్కుడు బరువెక్కడమూ నిజమే. పెడల్ బిగిసిందంటే క్లచ్ పోయిందనే మాట పుట్టింది బహుశా అక్కడినుంచే. మిగతా బరువంతా రాపిడిది. దాన్ని మోయాల్సిన పని మన మోకాలికి లేదు.

పాత వైరు చేతికిచ్చి చూడమన్నాడు. సైకిలు బ్రేకు వైరుకి పెద్దన్నలా ఉంది. వంపు తిరిగే చోట రెండు మూడు పోగులు తెగి ముళ్లలా లేచాయి. పైతొడుగు చీల్చి చూస్తే లోపలి నైలాన్ గొట్టం ఒకచోట కరిగి ముద్దయింది. "ఇంజిన్ వేడికా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూపించాడు. బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి, పట్టీ వదులుగా ఉంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే స్టార్టర్ మోటారు గుంజే భారీ కరెంటు వేరే దారి వెతుక్కుంటుందట. క్లచ్ వైరు ఉక్కే కదా, ఇంజిన్‌నీ బాడీనీ అదీ కలుపుతుంది. కరెంటు దాంట్లోంచి పారితే వైరు వేడెక్కి లోపలి గొట్టం కరుగుతుంది. పట్టీ బాగుచేయకుండా కొత్త వైరు వేసుంటే కొన్నాళ్లకి అదీ పోయేదే.

కొత్త వైరు వేశాడు. ఎక్కడా బిగుతు వంపు రాకుండా, పొగగొట్టం వేడి తగలకుండా పాత క్లిప్పుల్లోంచే నడిపాడు. పెడల్ ఇరుసు తీసి, కిరోసిన్‌తో కడిగి, కొత్త బుష్ వేసి గ్రీజు రాశాడు. వైరులోకి కాస్త నూనె వదలమంటే ఒప్పుకోలేదు. లోపల నైలాన్ గొట్టం ఉన్న వైరుకి నూనె పోస్తే దుమ్ము పట్టి తొందరగా పాడవుతుందన్నాడు. ఎర్త్ పట్టీని ఉప్పుకాగితంతో రుద్ది బిగించాడు. చివరికి ఫ్రీ ప్లే సెట్ చేశాడు. ఫ్రీ ప్లే అంటే పెడల్ పైభాగంలో ఏ బరువూ లేకుండా కదిలే ఖాళీ. ఇలాంటి కార్లలో అది సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. సరైన లెక్క కారు పుస్తకంలో దొరుకుతుంది. ఈ ఖాళీ లేకపోతే బేరింగ్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి అరుగుతుంది, క్లచ్ జారడం మొదలవుతుంది. మరీ ఎక్కువైతే పెడల్ అడుగంటినా క్లచ్ పూర్తిగా విడిపోక గేర్లు కటకటమంటాయి.

బయల్దేరబోతుంటే పెడల్ కిందున్న రెండో మ్యాటు తీసి వెనక సీట్లో పడేసి, నా సీటును కాస్త ముందుకు జరిపించాడు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలట. కాలు చాపి వేళ్లతో నెట్టేవాళ్లకి ఎంత మంచి క్లచ్ అయినా బరువేనన్నాడు.

బొడ్డవర దాటి తైడ వైపు ఎక్కుతుంటే తేడా తెలిసింది. పెడల్ తేలికైంది సరే, దానికన్నా విలువైనది ఇంకొకటి దక్కింది. క్లచ్ పట్టుకునే చోటు కాలికి మళ్లీ అందింది. పెడల్ పైకి వస్తుంటే ఒక చోట ఇంజిన్ శబ్దం రవ్వంత తగ్గుతుంది, కారు ముక్కు కొద్దిగా లేస్తుంది, అరికాలికి సన్నని అదురు తెలుస్తుంది. ఆ మూడూ ఒకేసారి తెలియడమే డ్రైవింగ్‌లో సగం నేర్పు. పాత వైరు ఆ కబురును దారిలోనే మింగేసింది.

దముకు వ్యూ పాయింట్‌కి ముందు ఒక మలుపులో పైనుంచి ఆర్టీసీ బస్సు దిగుతోంది. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. కానీ అక్కడ రోడ్డు మరీ ఇరుకు, బస్సు అప్పటికే మలుపు మధ్యలో ఉంది. నేనే ఆగాను. ముందు చక్రాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, కాలు పెడల్ మీంచి పూర్తిగా తీశాను. మా వెనక కారు హాఫ్ క్లచ్ మీదే ఊగుతూ నిలబడింది. కాసేపటికి కాలిన వాసన మా కిటికీలోంచి లోపలికొచ్చింది. అది ప్లేటు ఫేసింగు మాడుతున్న వాసన. సగం పట్టులో ప్లేటు జారుతూ ఉంటే ఇంజిన్ శక్తంతా వేడిగా మారి అక్కడే పోగవుతుంది. బస్సు వెళ్లాక ఫస్ట్ గేర్ వేసి, పెడల్‌ను పట్టు తెలిసేదాకా వదిలి, యాక్సిలరేటర్ అందించి, హ్యాండ్ బ్రేకు దించాను. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. అక్క నా కాలి వైపే చూస్తోంది.

అనంతగిరి నుంచి గాలికొండ దాకా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. రోడ్డు పక్కన బొంగు చికెన్ పొగలు. సుంకరిమెట్ట దాటి అరకు చేరేసరికి పొద్దు వాలింది. నా కాలికి నొప్పి లేదు.

మర్నాడు పాడేరు నుంచి బావగారు తన డీజిల్ బండిలో వచ్చారు. ఆ బండిలో వైరు లేదు, క్లచ్ హైడ్రాలిక్. దాని జబ్బు మా కారుకి పూర్తి వ్యతిరేకం. పెడల్ మరీ మెత్తగా, పస లేకుండా దిగిపోతోంది. వెంటవెంటనే నాలుగైదు సార్లు తొక్కితే బిగుస్తోంది. పైపుల్లో గాలి చేరిందనడానికి అది గుర్తు. బ్రేకు, క్లచ్ రెండింటికీ ఒకటే డబ్బా. అందులో ద్రవం కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155కి దిగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులకు కూడా అదే ద్రవం దిక్కు. కాబట్టి దాన్ని మార్చి బ్లీడింగ్ చేయించడం, అంటే పైపుల్లోని గాలి తీయించడం, కాలి సుఖంతో పాటు ప్రాణానికి సంబంధించిన పని. బావగారు అక్కడే ఒక మెకానిక్‌తో పాత ద్రవం తీయించి, కొత్తది పోయించి, గాలి బుడగలు ఆగేదాకా బ్లీడింగ్ చేయించారు. పెడల్‌కి మళ్లీ పస వచ్చింది.

తిరుగు ప్రయాణంలో తాళాలు అక్క చేతిలో పెట్టాను. "వద్దే, నా మోకాలు" అంది. "ముందు చేత్తో నొక్కి చూడు" అన్నాను. నొక్కింది. నా మొహం చూసింది. సీటు తన ఎత్తుకి సరిచేసుకుని కూర్చుంది. అరకు నుంచి సుంకరిమెట్ట దాకా తనే నడిపింది, ఎత్తు మీద ఒకచోట కావాలనే ఆపి మళ్లీ కదిలించింది. "ఇన్నాళ్లూ నా మోకాలిదే తప్పనుకున్నాను" అంది.

మోకాలి నొప్పి నిజమే, అది వైద్యుడు చూడాల్సిందే. కానీ బిగిసిన క్లచ్‌ను మోస్తూ, అది తమ వయసు తప్పో, ఒంట్లో బలం లేకపోవడమో అనుకుని స్టీరింగ్ వదిలేసిన ఆడవాళ్లు, పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమే ఇదంతా రాశాను. క్లచ్ సెట్ మార్చాలన్న మాట వినగానే ఒప్పుకోకండి. ముందు వైరు విప్పి పెడల్ తొక్కి చూపించమని అడగండి. హైడ్రాలిక్ అయితే ద్రవం రంగు చూపించమనండి. ఆ తర్వాత కూడా గేర్‌బాక్స్ దించాల్సిందేనని తేలితే దించండి. వైరు, బుష్, డబ్బాలోని ద్రవం, ఎర్త్ పట్టీ చూడకుండా మాత్రం ఇంట్లో ఏ ఒక్కరినీ డ్రైవర్ సీట్లోంచి లేవనివ్వకండి.