ఎక్కిన గేర్లోనే దిగాలి

సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ కొన్నా. ముప్పై ఏళ్లు లారీ నడిపిన నాన్న ముఖం మాడ్చుకున్నారు. “నేను తోలింది నువ్వు తోలకూడదనేరా!”

తయారయ్యేది మన శ్రీసిటీలోనే. అయినా రోడ్డు మీద ఇంకోటి కనిపిస్తే హారన్ కొట్టి పలకరించుకునేంత అరుదు. మాన్యువల్, ఐదు గేర్లు.

ఆయన్ని ఎక్కించుకుని విశాఖ నుంచి అరకు వెళ్లా. ఎస్.కోట దాటాక ఘాట్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమకాలు పీకేసింది. ఐదు మీటర్లు దాటిన బండి, మలుపులో ఎదురుగా బస్సు... వద్దులెండి.

అసలు కథ తిరుగుప్రయాణంలో. అనంతగిరి కాఫీ తోటలు దాటాక బ్రేకులు కాలిన వాసన! అప్పటిదాకా మాట్లాడని నాన్న, “పక్కకి ఆపు. చల్లారనీ. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి” అన్నారు.

రెండో గేర్ వేశా. ఇంజనే బండిని పట్టి ఉంచింది.

ఎస్.కోటలో టీ తాగాక తాళాల కోసం చెయ్యి చాపారు నాన్న.