అల్లుడి బీరు, స్నేహితుడి నీళ్ళపెట్టె

బీరు గురించి హేతువాది రాయడమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. తాగమని చెప్పడానికి రాయడం లేదు. తాగవద్దని చెప్పడానికీ కాదు, ఆ సంగతి కింద కొంచెం వస్తుంది. మా అల్లుడి అయిదు వేల డాలర్లు ఒక నీళ్ళపెట్టెకి సమర్పణ కాకుండా 48 సీసాల బీరు ఎలా అడ్డుపడిందో చెప్పడానికి రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటారు. గత శీతాకాలం మా ఆవిడా నేనూ అక్కడ ఆరు నెలలు ఉన్నాం. అల్లుడికి ఇంట్లో బీరు చేసుకోవడం సరదా. ఆ దేశంలో అది నేరం కాదు. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు వాళ్ళు వస్తారు. కాబట్టి ఇది చదివి గుంటూరులో ఎవరూ పొయ్యి వెలిగించకండి.

అతను చేసేది క్రీమ్ ఏల్ అనే రకం. పేరులో క్రీమ్ ఉందిగానీ పాలకీ మీగడకీ దానికీ ఏ సంబంధమూ లేదు. లేత గడ్డి రంగు, పల్చన, చేదు అంతంతమాత్రం. చల్లగా తాగితే నాలుక మీద నిలవకుండా దిగిపోతుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని (మాల్ట్ అంటారు) నలగ్గొట్టి, మొక్కజొన్న అటుకులు కలిపి, 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడతారు. మొలకలో తయారైన ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి నీళ్ళు వడకట్టి, హాప్స్ వేసి, గంటసేపు మరిగించి, గబగబా చల్లార్చి ఈస్ట్ వేస్తారు. 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు పులియనిచ్చి, ఇంకో రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే మడ్డి అడుక్కి దిగి తేరుకుంటుంది. ఇంతే. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాడికి ఇది చూడముచ్చటైన ప్రాక్టికల్ క్లాసు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. నల్లటి, చిక్కటి బీర్లకంటే ఈ పల్చటి బీరు చేయడమే కష్టమట. ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. చేపల పులుసులో చిన్న తేడా వస్తే చింతపండూ కారమూ కప్పేస్తాయి. మజ్జిగలో తేడా వస్తే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. లేత బీరూ అంతే, ఏదీ దాచదు. ఈస్ట్ పని పూర్తికాకుండా తొందరపడితే వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన. మూత పెట్టి మరిగిస్తే ఉడికిన మొక్కజొన్న వాసన. సీసాకి ఎండ తగిలితే హాప్స్‌లోని పదార్థం విరిగి ముక్కు మూసుకోవాల్సిన కంపు.

మా అల్లుడి బీరుకి పట్టిన జబ్బు వేరు. చేసిన ప్రతిసారీ ఆసుపత్రి వాసన, గాయానికి వేసే ప్లాస్టర్ వాసన వచ్చేదట. రెండేళ్ళు ఈస్ట్ మార్చాడు, మాల్ట్ మార్చాడు, గిన్నెలు మార్చాడు, పోలేదు. అప్పుడు అతని స్నేహితుడొకాయన (మనవాడే, పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం) ఒక పెట్టె తెచ్చి కుళాయికి బిగించాడు. వెల 900 డాలర్లు. నీళ్ళు దాని గుండా వెళితే "శక్తిమంతం" అవుతాయి. అణువులు ఆరు కోణాల పలకల్లా సర్దుకుంటాయి. ఆ అమరికను నీళ్ళు జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఆ నీళ్ళతో చేసిన బీరులో ఆసుపత్రి వాసన లేదు!

ఇంకేం కావాలి? అల్లుడు నమ్మాడు. అయిదు వేల డాలర్లు కడితే అతనూ డీలరు కావచ్చు, కింద మరికొందరిని చేర్చుకోవచ్చు. ఆ డబ్బు ఇల్లు కొనడానికి దాచుకున్నది. మా అమ్మాయి ఫోనులోనే ఈ గొడవ చెప్పింది. "నాన్నా, నువ్వొచ్చి మాట్లాడు, నేను చెబితే పోట్లాటవుతోంది" అంది. అల్లుడితో మామ పోట్లాడితే మాత్రం పోట్లాట కాదా?

వెళ్ళిన నెలదాకా నేనేమీ అనలేదు. ఒకరోజు అతనే, "మావయ్య గారూ, మీరు నమ్మరని తెలుసు. కానీ నేను నా నాలుకతో చూశాను" అన్నాడు. అతను అబద్ధమాడే మనిషి కాదు. వాసన పోయిందంటే పోయే ఉంటుంది. మన సంఘాల్లో చాలామంది ఇక్కడే తొందరపడతారు. అవతలివాడి అనుభవాన్నే భ్రమ అని కొట్టిపారేస్తారు, వాడు లేచి వెళ్ళిపోతాడు. అనుభవం నిజమై ఉండి, దానికి చెప్పుకున్న కారణం తప్పు కావచ్చు కదా?

పెట్టె విప్పించి చూశాను. లోపల రెండు భాగాలున్నాయి. ముందు ఒక బొగ్గు ఫిల్టరు. దాని వెనక మెలికలు తిరిగిన గొట్టం, చుట్టూ అయస్కాంతాలు, ఒక నీలం బల్బు. ఆ ఊరి నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు. క్లోరిన్‌లాగా అది మరిగిస్తే తేలిగ్గా పోదు. మాల్ట్‌లో సహజంగా ఉండే ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ తయారవుతాయి. అవి అతి కొద్ది మోతాదులో ఉన్నా ముక్కుకి ఆసుపత్రి వాసన కొడుతుంది. బొగ్గు క్లోరమైన్‌ను పట్టేస్తుంది. ఫిల్టరు కూడా అక్కర్లేదు, బీరు సామాను అమ్మే కొట్లో చవకగా దొరికే మెటాబైసల్ఫైట్ మాత్ర ఒకటి వేసినా సరిపోతుంది. అంటే స్నేహితుడు పోల్చి చూపించింది మామూలు కుళాయి నీళ్ళనీ పెట్టె నీళ్ళనీ. పోల్చాల్సింది బొగ్గు మాత్రమే దాటిన నీళ్ళనీ, బొగ్గుతోపాటు అయస్కాంతాలు కూడా దాటిన నీళ్ళనీ.

నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన తెగుతూ, మళ్ళీ అతుక్కుంటూ ఉంటాయి. గంటసేపు సలసల మరిగించాక ఏ పలక మిగులుతుంది? ఇది చెప్పాను. అల్లుడు మర్యాదగా విన్నాడు. స్నేహితుడు మాత్రం "సైన్సుకి తెలియనివి చాలా ఉన్నాయి అంకుల్" అన్నాడు. నీటి జ్ఞాపకం కథ కొత్తదేమీ కాదు. 1988లో బెన్వెనిస్త్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నేచర్ పత్రికలో వ్యాసం వేశాడు. తర్వాత ఆ పత్రిక సంపాదకుడు మాడాక్స్, మనందరికీ తెలిసిన జేమ్స్ రాండీ, స్టువర్ట్ అనే మరో శాస్త్రవేత్త వెళ్ళి, ఏ గొట్టంలో ఏముందో ఎవరికీ తెలియకుండా చేయించేసరికి ఆ ఫలితం మాయమైంది. ఉపన్యాసం ఆపి నేనూ అదే అడిగాను: "పరీక్ష పెడదామా?"

బీరు వాళ్ళ దగ్గరే మంచి పద్ధతి ఉంది. ట్రయాంగిల్ టెస్ట్ అంటారు. 1940లలో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీలో రుచి చూడడానికి వాడారు. మూడు గ్లాసులు ఇస్తారు. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. ఏది బాగుందని అడగరు, అదే ఇందులో గొప్ప. ఊరికే చెప్పినా మూడింట ఒకవంతు మంది సరిగ్గా చెప్పేస్తారు, కాబట్టి అంతకంటే ఎంత ఎక్కువమంది చెబితే నమ్మాలో ముందే లెక్క వేసుకోవాలి. (గణాంక శాస్త్రంలో స్టూడెంట్ టి టెస్ట్ పెట్టిన గోసెట్ కూడా గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగే. 1908లో మారుపేరుతో ఆ వ్యాసం రాశాడు. గుళ్ళూ మఠాలూ ఇవ్వనిది ఈ కంపెనీలు ఇచ్చాయి, ఏం చేస్తాం!)

ఒకేరోజు పది లీటర్ల చొప్పున రెండు విడతలు చేశాం. ఒక్కోదానికి 1.7 కిలోల మాల్ట్, 350 గ్రాముల మొక్కజొన్న అటుకులు, 15 గ్రాముల హాప్స్, ఒకే పొట్లం ఈస్ట్‌లో చెరిసగం. రెండూ ఒకే ఫ్రిజ్‌లో పక్కపక్కన పులిశాయి. ఒకదాని నీళ్ళకి బొగ్గు మాత్రమే, రెండోదానికి పెట్టె మొత్తం. అంతా అయ్యాక హైడ్రోమీటరు రెండింట్లోనూ 1.045 నుంచి 1.008కి దిగినట్టు చూపించింది. అంటే ఆల్కహాలు అయిదు శాతానికి కొంచెం తక్కువ. ఒక్కోదానికి 24 సీసాలు వచ్చాయి.

ఇప్పుడు గ్లాసులు నింపేదెవరు? ఏ గ్లాసులో ఏముందో తెలిసిన మనిషి రుచి చూసేవాళ్ళకి కనిపించకూడదు. వాళ్ళని పల్లెత్తు మాట అనకూడదు, కనుబొమ్మ ఎగరేయకూడదు. అందుకు తగిన మనిషి ఇంట్లో ఒక్కరే, మా ఆవిడ. కానీ ఆమె అప్పటిదాకా ఆ గ్యారేజీ గడప తొక్కలేదు.

కారణం ఉంది. ఆమెది నెల్లూరు జిల్లా. ఆమె పెద్దన్న సారాకి బలైపోయాడు, నలభై దాటకుండానే. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా పుట్టింటికి వెళ్ళి మరీ తిరిగింది. 1993లో సారా నిషేధం వచ్చినప్పుడు ఏడ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. అల్లుడు బీరు చేస్తాడని తెలిసి, "ఇంట్లో చేసింది తాగితే కళ్ళు పోవూ?" అంది. దానికి జవాబు చెప్పగలిగాను. ధాన్యం పులిస్తే మిథనాల్ వచ్చేది నామమాత్రం. మన దగ్గర కల్తీసారా చావులకి కారణం ఫ్యాక్టరీల్లో వాడే మిథైల్ ఆల్కహాలు తెచ్చి కలపడం. కల్లులో ఆల్ప్రజోలాం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మేవాళ్ళున్నారు, ఆ పాపం చెట్టుది కాదు. "సరే" అంది, లోపలికి మాత్రం రాలేదు.

చివరికి వచ్చింది, అయిదు వేల డాలర్ల కోసం. వంటింట్లో తలుపేసుకుని, రంగు కనపడని ఎర్ర ప్లాస్టిక్ కప్పుల్లో తలా 60 మిల్లీలీటర్లు పోసింది. మూడు కప్పుల్ని వరుస మార్చి పెట్టడానికి ఆరు రకాలున్నాయి. పన్నెండుమందికి ఒక్కో వరుస రెండుసార్లు. కప్పుల మీద అంకెలు, అంకెల అర్థం ఆమె చీర కొంగున ముడేసుకున్న చీటీలో. అందించింది మా అమ్మాయి, ఆమెకీ ఏది ఏదో తెలియదు. పన్నెండుమందిలో కనీసం ఎనిమిదిమంది సరిగ్గా చెబితే తేడా ఉన్నట్టు ఒప్పుకుంటామని కాగితం మీద రాసి, అల్లుడు, స్నేహితుడు, నేను ముగ్గురం ముందే సంతకాలు పెట్టాం. తేడా ఉందని తేలితే అల్లుడు డబ్బు కడతాడు, నేను నోరు మూసుకుంటాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అయిదుగురు సరిగ్గా చెప్పారు. ఊరికే చెప్పినా సగటున నలుగురు చెప్పాలి.

అల్లుడు కాగితం వంక చాలాసేపు చూసి, "అయితే నాకు నచ్చింది బొగ్గా?" అన్నాడు. మర్నాడు ముప్పై డాలర్లు పెట్టి ఉత్త బొగ్గు ఫిల్టరు కొన్నాడు. ఇంటి డబ్బు బ్యాంకులోనే ఉంది.

తమాషా ఏమిటంటే సరిగ్గా చెప్పిన అయిదుగురిలో ఆ స్నేహితుడూ ఉన్నాడు. "చూశారా, నాకు తెలుస్తోంది. మిగతావాళ్ళకి ఆ సున్నితత్వం లేదు" అన్నాడు. మూడింట ఒకటి అదృష్టమని మేమన్నాం, కాదని ఆయనన్నాడు. సరే, ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెడదాం. పదిసార్లు, ప్రతిసారీ కొత్త మూడు కప్పులు, తలా 30 మిల్లీలీటర్లు. ఏడుసార్లు సరిగ్గా చెబితే ఒప్పుకుంటాం. "చేద్దాం" అన్నాడు. రెండు రకాలవీ చెరో ఆరు సీసాలు ఆయన కోసం ఫ్రిజ్‌లో పక్కన పెట్టాం.

ఆ రాత్రి మా ఆవిడ చీటీ విప్పి నాకిస్తూ, "ఇదే పద్ధతి, మితంగా తాగితే గుండెకి మంచిదంటారే, దానికీ పెట్టారా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఆ మాటకి ఆధారమైన పాత అధ్యయనాల్లో చాలావాటికి మన పెట్టెకున్న లోపమే ఉంది, పోల్చింది తప్పు జనాన్ని. "తాగనివాళ్ళు" అనే గుంపులో జబ్బు చేసి మానేసినవాళ్ళని కూడా కలిపేశారు. దాంతో కొంచెం తాగేవాళ్ళు ఆరోగ్యంగా కనపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఎంత కొంచెమైనా సురక్షితమని చెప్పదగిన మోతాదు లేదని ప్రకటించింది. మద్యం క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో ఎప్పటినుంచో ఉంది. ఇదంతా మర్నాడు అల్లుడికి చెప్పాను. అతను బీరు చేయడం మానలేదు. రెండు నెలలకి ఒకసారి చేసేవాడు నాలుగు నెలలకి ఒకసారి చేస్తున్నాడని మా అమ్మాయి అంటోంది. ఎందుకని నేను అడగలేదు.

స్నేహితుడి తేదీ మాత్రం ఇంకా తేలలేదు. ఒకసారి ఊళ్ళో లేనన్నాడు. ఇంకోసారి, అనుమానించే వాళ్ళుంటే నీటి శక్తి తగ్గుతుందన్నాడు. మేం గుంటూరు వచ్చేసి మూడు నెలలైంది. లేత బీరు ఆరు నెలలు దాటితే అట్టముక్క రుచి వస్తుంది, అప్పుడిక ఆ సీసాలు పరీక్షకి పనికిరావు. ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది.