గ్యారంటీ ఇచ్చేవాణ్ణి ముందు పక్కన పెట్టు వదినా

ఏం వదినా, ఫోను పట్టుకోని అట్లే నిలబడిపోయినావు? ఇట్లియ్యి, చూస్తా. "30 రోజుల్లో గూగుల్లో మొదటి స్థానం గ్యారంటీ, సగం అడ్వాన్సు." మీ పిల్లోడు ధర్మవరం చీరల వెబ్‌సైటు పెట్టినప్పటి నుంచి ఇట్లాంటివి వస్తానే ఉండాయంటివి కదా. ఒకడు వేరే సైట్లలో మన సైటుకు లింకులు కొనమంటాడు. ఇంకొకడు ఏఐతో వంద వ్యాసాలు రాయించి పెట్టమంటాడు. మూడోవాడు అవన్నీ దండగ, వీడియోలు చేస్తే చాలంటాడు. అందరూ బాగా తెలిసినట్టే మాట్లాడతారు. సైట్లను గూగుల్లో కనపడేట్టు చేసే పనిలో ఉండేదాన్ని కాబట్టి, ఎవరి మాట నమ్మాలో తేల్చుకునే దారి ఒకటి చెప్తా, విను.

ముందు గ్యారంటీ అన్నవాణ్ణి తీసి పక్కన పెట్టు. మొదటి స్థానం ఖాయంగా ఇప్పించగలిగినవాళ్ళు ఎవరూ లేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసిపెట్టింది. డబ్బు కడితే వచ్చేవి ప్రకటనలు, వాటి మీద ఆ ముక్క రాసే ఉంటాది. మామూలు ఫలితాల్లో పైకి ఎక్కించేదానికి ఆ కంపెనీ డబ్బు తీసుకోదు. 30 రోజుల మాట కూడా నిలిచేది కాదు. ఇట్లాంటి పనికి ఫలితం కనపడాలంటే చాలాసార్లు నాలుగు నెలల నుంచి సంవత్సరం పడుతుందని 2017లో గూగుల్ వాళ్ళే ఒక వీడియోలో చెప్పినారు.

మన అనంతపురంలో బోరు పాయింటు పెట్టేవాళ్ళు నీకు కొత్త కాదు. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరుగుతారు, ఇక్కడ రెండించుల నీళ్ళు ఖాయమంటారు. పడితే ఆయన పేరు పది ఊర్లకు పాకుతాది. పడని బోర్లను ఎవరూ లెక్కపెట్టరు, అప్పు మాత్రం రైతు మీదనే. సెర్చ్ సలహాల్లోనూ ఇదే నడుస్తాంది. "మా కస్టమరు సైటు పైకి పోయింది చూడండి" అని ఒకటి చూపిస్తారు. అదే పని చేయించుకోని పైకి రానివి ఎన్ని, కిందికి పోయినవి ఎన్ని అని అడుగు. ఆ లెక్క దాచకుండా చెప్పేవాడైతే ఇంకాసేపు మాట్లాడు.

తరువాత సలహా వయసు కనుక్కో. పేజీ వెనకాల కీవర్డ్స్ ట్యాగులో "అనంతపురం పట్టు చీరలు" అని నలభైసార్లు కుక్కమని ఎవరో చెప్పినారంటివే, ర్యాంకింగుకు ఆ ట్యాగును వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. పస లేని పేజీలను కిందికి తోసే పాండా మార్పు 2011 ఫిబ్రవరిలో వచ్చింది, దొంగ లింకుల పని పట్టే పెంగ్విన్ 2012 ఏప్రిల్‌లో వచ్చింది. ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు పుట్టించేది తప్పని, వాటిని మనిషి రాసినా మిషను రాసినా ఒకటేనని 2024 మార్చిలో నియమం పెట్టినారు. ఏఐ సాయం తీసుకోవడంలో తప్పు లేదు. కొనేవాళ్ళకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేని వంద పేజీలు పెట్టడంలోనే ముప్పుంది.

లింకులు కొనమన్నవాని దారి యాడికి పోతుందో కూడా తెలుసుకో. అమెరికాలో జేసీ పెనీ అని పెద్ద కంపెనీ, ఊరూరా అంగళ్ళు. 2010 చివర పండగల సీజనులో గౌన్లు అని వెతికినా, దుప్పట్లు అని వెతికినా గూగుల్లో వాళ్ళదే పైన. సంబంధం లేని వేల పేజీల్లో ఆ కంపెనీకి లింకులు పెట్టి ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకున్న రోజు సాయంత్రం 7 గంటలకు ఒక సూట్‌కేసు వెతుకులాటలో 1వ స్థానంలో ఉండిన సైటు, రెండు గంటల్లో 71కి పడిపోయింది. మాకు తెలియదని కంపెనీ చెప్పుకోని, ఆ పని చూసే సంస్థను తీసేసింది. అంతకు ముందు, 2006లో, గూగుల్‌కు ఒకటి, జనానికి ఇంకొకటి చూపించే దొడ్డిదారి పేజీలు పెట్టినందుకు జర్మనీలో బీఎమ్‌డబ్ల్యూ సైటునే గూగుల్ జాబితాలోంచి తీసేసినారు. వాళ్ళు పెద్దోళ్ళు, తేరుకున్నారు. మీ సైటు మూడు నెలలు కనపడకుంటే నేసేవాళ్ళకు కూలి యాడి నుంచి తెచ్చి ఇస్తాడు పిల్లోడు?

అయితే గూగుల్ చెప్పిందంతా నమ్మాల్నా అని అడుగుతావు. మంచి ప్రశ్నే. జనం దేని మీద నొక్కుతారో అనేదాన్ని నేరుగా ర్యాంకింగుకు వాడటం లేదని ఆ కంపెనీ మనుషులు ఏండ్ల తరబడి చెప్తా వచ్చినారు. 2023 అక్టోబరులో వాషింగ్టన్ కోర్టులో, గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్యం కేసులో, ఆ కంపెనీ సెర్చ్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ సాక్ష్యమిచ్చినాడు. నావ్‌బూస్ట్ అనే ఏర్పాటు 13 నెలల క్లిక్కుల సమాచారం వాడుకుంటుందని అక్కడ తేలింది. 2024 మేలో కంపెనీ లోపలి పత్రాలు బయటపడినప్పుడు కూడా ఆ పేరు వాటిలో కనపడింది. కాబట్టి గూగుల్ ఫలానాది చేయొద్దంటే గట్టిగా విను, ఎందుకంటే శిక్ష వేసేది వాళ్ళే. లోపల లెక్క ఎట్ల కడతారో చెప్పినప్పుడు మాత్రం కొంచెం ఆగి చూసుకో.

చూసుకునేది ఎట్లా అంటే, గూగుల్‌దే సెర్చ్ కన్సోల్ అని ఉంది, ఉచితం. మీ పేజీ ఏ మాటలకు కనపడింది, ఎన్నిసార్లు కనపడింది, ఎన్నిసార్లు నొక్కినారు అన్నీ అందులో ఉంటాయి. ఎవరన్నా ఒక మార్పు చెప్తే అన్ని పేజీల్లో ఒకేసారి చేయొద్దు. పది చీరల పేజీలుంటే ఐదింటికి చేసి, ఐదు అట్లే వదిలి, కొన్ని వారాలు ఆగమను. రెండు వైపులా తేడా లేదంటే ఆ సలహా మీకు పనికిరాలేదు, అంతే.

ఇంకొకటి బాగా గుర్తు పెట్టుకో. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు పట్టు చీరలు వెతికేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారు. ఆషాఢంలో డబ్బు తీసుకున్నవాడు శ్రావణంలో గీత పైకి పోయిందని చూపించి అది తన పనితనమే అంటాడు. సెర్చ్ కన్సోల్లో 16 నెలల లెక్క నిలవుంటాది, పోయిన ఏటి వ్రతం ముందు వారాలతో ఈ ఏటి వ్రతం ముందు వారాలను పక్కపక్కన పెట్టి చూడాల. తేదీతో పోల్చితే తప్పుతాది: వ్రతం 2024లో ఆగస్టు 16న వచ్చింది, 2025లో 8ననే వచ్చేసింది.

మరి మంచి సలహా ఎట్లుంటాది అంటావా? మంచి సలహాదారు వచ్చీ రాగానే లింకుల మాట ఎత్తడు, మీ చీరలు ఎవరు కొంటారు, కొనే ముందు ఏం అడుగుతారు అని అడుగుతాడు. నీకు తెలియనివా అవి? నిజంగా మగ్గం మీద నేసిందేనా, జరీ ఎట్లాంటిది, సిల్క్ మార్క్ ఉందా, బరువెంత, రంగు ఫోటోలో ఉన్నట్టే వస్తాదా, బ్లౌజు ముక్క ఉందా, నచ్చకుంటే వాపసు తీసుకుంటారా. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉందని తెలియక అడిగేవాళ్ళూ ఉంటారు. ప్రతి చీర పేజీలో వీటికి జవాబు రాసి, అంచు, కొంగు వెలుతురులో తీసిన ఫోటో పెట్టమను. మ్యాపులో అంగడి కనపడేదానికి గూగుల్ చూసేది ముఖ్యంగా మూడు: అడిగినదానికి సంబంధం, దూరం, పేరు. దానికీ డబ్బు కట్టేది లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, అక్కడి చిరునామా ఒకచోట పాత జిల్లా, ఒకచోట కొత్త జిల్లా అని లేకుండా సరిచేయమను. రివ్యూలు కొనిపిస్తామనేవాణ్ణి గడప తొక్కనియ్యొద్దు. అది కొనేవాళ్ళను మోసం చేసే పని, 2022లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కూడా అట్లాంటివాటిని ఒప్పుకోదు.

తాళాల సంగతి మరీ ముఖ్యం వదినా. డొమైను పేరు, సెర్చ్ కన్సోలు, మ్యాపులో అంగడి ఖాతా, మూడూ పిల్లోని సొంత ఈమెయిలు మీదనే ఉండాల. పనికి వచ్చినవానికి వాడుకునే అనుమతి ఇస్తే చాలు. ఎంత మంచివాడైనా యజమాని హక్కు రాసియ్యొద్దు.

పిల్లోడు సాయంత్రం వచ్చినాక ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాయించు: ఈ సలహా ఏ సంవత్సరంది? రుజువు యాడుంది? దీనివల్ల చెడితే ఎట్ల చెడుతుంది? మా సైటులో చిన్నగా చేసి చూపిస్తావా? నాలుగింటికీ తిన్నగా జవాబిచ్చినవానికే డబ్బియ్యండి. అట్లాంటివాడు దొరికేదాకా ఆ డబ్బు పెట్టి మంచి ఫోటోలు తీయించుకోండి, నష్టం లేదు.