అంగారకుడిపై మన రాయదుర్గం!

గుంటూరు మిర్చి ఘాటు ఎంత దూరం పోయినా అంగారకుడి దాకా పోదు. అనంతపురం జిల్లా రాయదుర్గం పేరు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది!

అవును. మనిషన్నవాడు లేని ఆ ఎర్రటి ఎడారి గ్రహమ్మీద ఓ బిలం పేరు రాయదుర్గం. అలాంటి పేర్లను ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం. అక్కడి పెద్ద బిలాలకు శాస్త్రవేత్తలు, రచయితల పేర్లు పెడతారు. చిన్నవాటికి భూమ్మీది చిన్న ఊళ్ల పేర్లు. జనాభా లక్ష దాటకూడదు. అంటే మన గుంటూరుకీ ఒంగోలుకీ ఛాన్సు లేనట్టే! 2011 లెక్కల ప్రకారం అరవై వేల పైచిలుకు జనమున్న రాయదుర్గానికి ఆ ఇబ్బంది లేదు. ఊరి గొప్పదనం చూసి పెట్టే పేర్లు కావివి. అయినా ఎంత బాగా కుదిరిందో తెలియాలంటే అక్కడికి వెళ్లాల్సిందే.

గుంటూరులో గుంతకల్లు వైపు రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ దాటేదాకా పత్తి, మిరప చేలు. మార్కాపురం, గిద్దలూరు, ఆపైన నల్లమల. గుంతకల్లు నుంచి బళ్లారి మీదుగా రాయదుర్గం. కొండమీద పాతకోట, వీధుల్లో జీన్సు కుట్టే మిషన్ల చప్పుడు. ఇంతవరకూ మామూలే. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వెళితే మాత్రం... ఇసుక దిబ్బలు!

కర్ణాటక నుంచి వచ్చే వేదవతి నదిని ఇక్కడ హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువకాలం అందులో నీళ్లుండవు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలులు ఆ ఎండిన ఇసుకను లేపి చేల మీద పోస్తాయి. గాలి వచ్చే వైపు దిబ్బ ఏటవాలుగా, రెండో వైపు నిటారుగా ఉంటుంది. ఇసుక రేణువు గెంతుకుంటూ పైకెక్కి అవతలికి జారుతుంది. దిబ్బ అలా ముందుకు జరుగుతుంది.

అంగారకుడి మీదా అంతే. అక్కడి గాలి ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు. అయినా దుమ్ము లేచిందంటే గ్రహం మొత్తాన్నీ కప్పేయగలదు. 2018లో అలాంటి తుపానుకే అమెరికా రోవర్ 'ఆపర్చునిటీ' మూగబోయింది. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ పంపిన ఫొటోల్లోనూ దుమ్ము రంగు నేలే. తేడా ఒక్కటే. అక్కడి దిబ్బ ఎంత జరిగినా ఎవరి కడుపూ కొట్టదు. ఇక్కడ దాని కింద ఉన్నది వేరుశనగ చేను.

ఓ పెద్దాయన పారతో ఇసుక ఎత్తిపోస్తున్నాడు. ''యా ఊరు సామీ?'' అనడిగాడు. గుంటూరన్నాను. అంగారకుడి సంగతి చెబితే పార ఆపి విన్నాడు.

''ఆడ నీళ్లుండాయా?''

''ధ్రువాల దగ్గర గడ్డకట్టి ఉన్నాయి పెద్దాయనా.''

''ఉండాయి గదా!'' అంటూ మళ్లీ ఇసుకలో పార దించాడు. గట్టురాయి అక్కడెక్కడో ఉండాలట.